మన సంఘములో అధికారము ఎవరిది?
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ల పండుగలో మన పెద్దలు కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను తలచుకోవడము సహజము. అయితే వాటన్నిటినీ నిలబెట్టిన కట్టుబాటు ఒకటి ఉన్నది. అది కంటికి కనబడదు. మన దక్షిణ ఇండియా సంఘములో అధికారము ఎవరిది అని అడిగితే కొందరు "బిషప్పుగారిది" అంటారు. మరికొందరు "కమిటీవారిది" అంటారు. రెండూ సగము జవాబులే. మిగిలిన సగము ఏమిటో ఈ పూట మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

ముందు మనము ఎక్కడనుండి వచ్చామో చూద్దాము. దోర్నకల్‌లో పని చేసినవారు ఆంగ్లికనులు. 1912లో అక్కడ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘమంతటిలో మొదటి భారతీయ బిషప్పు. మెదకులో పని చేసినవారు వెస్లియన్ మెథడిస్టులు. 1924లో ప్రతిష్ఠించిన అక్కడి మహా దేవాలయము వారి కాలములో లేచినదే. కడప, గుత్తి ప్రాంతములలో పని చేసినది లండన్ మిషను. ఆంగ్లికనులకు బిషప్పు ముఖ్యుడు. మెథడిస్టులు గురువులు, సామాన్య విశ్వాసులు కలిసి కూర్చుండే సభలను నమ్ముకున్నారు. లండన్ మిషను సంఘములలో స్థానిక సంఘస్థుల మాటకు విలువ ఎక్కువ. ప్రభువు ఒక్కడే అయినా ఆయన బల్ల వేరువేరుగా ఉండేది. అదే మన పెద్దలను బాధించినది.

1919లో తరంగంబాడిలో కూడిన గురువులు ఐక్యతకు పిలుపునిచ్చారు. వారిలో అజరయ్యగారు ఒకరు. తరువాత సంప్రదింపులు ఇరువది ఎనిమిది ఏళ్లు సాగినవి. ఆ ఫలము చూడకుండానే ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంట్ జార్జి కెథీడ్రల్‌లో ఐక్యత నెరవేరినది. ఆనాడే తొమ్మిదిమంది క్రొత్త బిషప్పులు ప్రతిష్ఠితులైనారు.

అన్నేళ్లు ఎందుకు పట్టినది? ముఖ్యముగా అధికారపు ప్రశ్న తెగక. చివరకు ఎవరి మంచిని వారు తెచ్చి ఒకచోట ఉంచారు. బిషప్పు ఉంటారు. కాని రాజువలె కాదు, నిబంధనావళికి లోబడి ఉంటారు. గురువులు, విశ్వాసులు సభలలో ఆయనతో కలిసి కూర్చుంటారు. ఏ స్థానిక సంఘము మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధన విధానమును గాని, గురువును గాని బలవంతముగా రుద్దరాదని మాట ఇచ్చుకొన్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో చాలామంది 1947లో చేరలేదు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. తరువాత వారు తామే వచ్చి చేరారు. ఆ నంద్యాలలోనే 2013లో ఎగ్గోని పుష్పలలితగారు మన సంఘములో మొదటి మహిళా బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు.

ఇక ఏర్పాటు సంగతి. అడుగున ఉన్నది పాస్టరేటు. సభ్యులు కమిటీని ఎన్నుకొంటారు, గురువు దానికి అధ్యక్షత వహిస్తారు. పాస్టరేట్లనుండి ఎన్నికైన విశ్వాసులు, గురువులు కలిసి డయోసిసన్ కౌన్సిలు అవుతుంది. అక్కడ అధ్యక్షులు బిషప్పు. పైన సినడ్. అందులో బిషప్పులందరూ, ఆయా కౌన్సిళ్లు ఎన్నుకొన్న గురువులు, విశ్వాసులు ఉంటారు. బిషప్పులలో ఒకరిని సినడ్ మోడరేటరుగా ఎన్నుకొంటుంది. బిషప్పు పదవి ఖాళీ అయితే డయోసిసన్ కౌన్సిలు కొన్ని పేర్లను ఎన్నుకొని పంపుతుంది. వారిలో ఒకరిని సినడ్ తరఫున నియమిస్తారు. డయోసిసు తానే బిషప్పును పెట్టుకోలేదు. సినడ్ ఆ పేర్లను కాదని మరొకరిని పంపలేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడిచే ఏర్పాటు ఇది. అపొస్తలులు కూడా అన్యజనుల సంగతి తేల్చుకోవడానికి యెరూషలేములో పెద్దలతో కలిసి సభ కూడారు గదా!

మరి చిక్కు ఎక్కడ వస్తున్నది? ఇన్ని మెట్లకూ పునాది అడుగున ఉన్న సభ్యుడే. పాస్టరేటు సర్వసభ్య సమావేశమునకు పదిమంది వచ్చి, మిగిలినవారు ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్లిపోతే ఆ పదిమంది ఎన్నుకొన్నవారే కౌన్సిలుకు వెళతారు. కౌన్సిలు పంపినవారే సినడ్‌లో కూర్చుంటారు. అడుగున ఖాళీగా ఉన్న బెంచీ పైదాకా ఖాళీగానే వెళుతుంది. ఆ ఖాళీలో వర్గములు పెరుగుతాయి. సంఘ ఆస్తులమీద కన్ను పడుతుంది. 2023, 2024 సంవత్సరములలో సినడ్ ఎన్నికల వ్యవహారము మద్రాసు హైకోర్టులో నలగడము మనమందరము చూచి బాధపడ్డాము. ప్రార్థనతో మనము తేల్చుకోవలసినవి న్యాయమూర్తులు తేల్చవలసి రావడము మనకు గౌరవము కాదు. అయితే కోర్టుకు వెళ్లినవారిని నిందించి ఊరుకొంటే చాలదు. పాస్టరేటులోనే లెక్కలు అడిగి, చెప్పించుకొనే అలవాటు ఉంటే ఎన్నో తగవులు గుమ్మము దాటవు.

మన పల్లెలలో తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్లా ఒక పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసి పెట్టేవారు. కోతపండుగకు ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చేవారు. ఈ సంఘము ఆ పిడికిళ్లమీద నిలిచినది. పిడికెడు బియ్యము వేసిన తల్లికి లెక్క వినే హక్కు ఉన్నది. ఆమె అడిగితే అది గురువుమీద తిరుగుబాటు కాదు. చెప్పడము గురువుకు చిన్నతనమూ కాదు.

కాబట్టి అధికారము ప్రభువుది. దానిని బిషప్పు, గురువు, విశ్వాసి ముగ్గురూ కలిసి మోయవలెనని మన పెద్దలు ఏర్పరచారు. ముగ్గురిలో ఎవరు భుజము తప్పించినా బరువు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. రెండవ నూరేళ్లలో అడుగుపెట్టుచున్న మనము మన పాస్టరేటు సర్వసభ్య సమావేశమునకు తప్పక వెళ్లుదుము. మన కుమార్తెలను, కుమారులను వెంట తీసుకొని వెళ్లుదుము. లెక్కలు చదివేవరకు కూర్చుందుము. అట్టి మనస్సు ప్రభువు మనకందరకు దయచేయును గాక. ఆమేన్.