గరిమెళ్ల సత్యనారాయణగారి పాటయు బ్రతుకును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మాటను, దానికి తగిన వరుసను తానే కల్పించువానిని మన సంగీతశాస్త్రము వాగ్గేయకారుడని పేర్కొన్నది. ఆ పేరు వినగానే మనకు త్యాగరాజాదులు స్మరణకు వత్తురు. రాజాశ్రయము గాని, తంబుర గాని లేక వీధులలో నిలిచి పాడి, ఆంధ్రదేశముచే పాడించిన గరిమెళ్ల సత్యనారాయణగారికిని ఆ పేరు చెల్లునని నేడు విన్నవింపదలచితిని.

వీరు 1893లో నరసన్నపేట ప్రాంతమందలి గోనెపాడున పేదకుటుంబమున జన్మించిరి. బి.ఏ. పట్టభద్రులై గంజాం కలెక్టరు కచ్చేరిలో గుమాస్తాగను, విజయనగరమున ఉపాధ్యాయులుగను కొంతకాలము పనిచేసిరి. 1920లో సహాయనిరాకరణోద్యమ మారంభము కాగా జీవనోపాధి చింత విడిచి అందు ప్రవేశించిరి.

అప్పుడు వీరు రచించినదే ‘మా కొద్దీ తెల్లదొరతనము’ అను గేయము. పంట పండినను తీరని ఆకలి, ఉప్పుపై ఆంక్ష మొదలగు కష్టములను ఇంటిలో మాటలాడుకొను తెలుగుననే చెప్పిరి. పల్లవి మరల మరల వచ్చుటచే చదువురానివాడును ఒకటి రెండు సార్లు విని అందుకొనగలిగెను. మావంటి సంస్కృతాభ్యాసకులు యతిప్రాసలు వెదకునంతలో పాట ఊళ్లు దాటిపోయెను. ప్రభుత్వము నిషేధించెను, కాగితములను పట్టుకొనగలిగెనే కాని కంఠములను పట్టుకొనలేకపోయెను. తెలుగెరుగని ఒక ఆంగ్లేయాధికారి వీరిచే ఆ పాట పాడించుకొని, భాష తెలియకున్నను బలము తెలిసినదనెనని చెప్పుకొందురు. ఈ గేయమునకై తొలుత ఒక సంవత్సరము, విడుదలయై మరల పాడినందులకు రెండున్నర సంవత్సరములు వీరు కారాగారవాస మనుభవించిరి.

తరువాతి కథ చెప్పుటకు మనస్సు రాదు. మద్రాసు చేరి ‘గృహలక్ష్మి’, ‘ఆంధ్రప్రభ’ మున్నగు పత్రికలలో పనిచేసిరి. అనారోగ్యమును దారిద్ర్యమును వీరిని విడువలేదు. స్వరాజ్యము వచ్చిన అయిదేండ్లకు, 1952 డిసెంబరు 18వ తేదీన, ఆ నగరముననే పేదరికములో కన్నుమూసిరి. లక్షలమంది నోట పాట నిలిచియుండగా, పాడినవారి పొయ్యి వెలిగినదా యని అడిగినవారు బహుకొద్దిమంది.

సభాసదులారా! శిలావిగ్రహములకు చందాలు పోగుచేయుట మనకు తెలియును. నేడును మన ఊళ్లలో పాట కట్టి పాడువారు కలరు. వారు జీవించియుండగనే మందునకును బియ్యమునకును లోటు రాకుండ మన నిధినుండి ఏటేట కొంత భాగము కేటాయింపవలెను. సత్యనారాయణగారి ఋణము మనమిక తీర్చలేము. అట్టి ఋణము మరియొకటి నెత్తిన పెట్టుకొనకుండుట మన చేతిలోనిదే యని మనవిచేసి విరమించుచున్నాను.