తుపాను జాడ పట్టిన విధము



కృష్ణా డెల్టాలో కార్తికమాసము ప్రవేశించినదన్న, రైతు కన్ను ఒకటి చేనిపైనను, రెండవది తూర్పు దిక్కుపైనను ఉండును. సార్వా వరి ఈని గింజ పట్టు దినములే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు దినములు. గాలివాన, తుపాను, ఉప్పెన అను మూడు మాటలను పట్టణవాసులు ఒకదానికి బదులు మరియొకటి వాడుదురు గాని, సముద్రపుటంచున నుండు పల్లెవారు అట్లు వాడరు. గాలివాన ఇంటికప్పును లేపుకొనిపోవును. ఉప్పెన ఇంటిని, ఇంటిలోనివారిని కూడ తీసికొనిపోవును.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై పడినది అట్టి ఉప్పెనయే. అమావాస్య వెళ్లి రెండు దినములు మాత్రమే అయినది. ఆకాశమున వెన్నెల లేదు. అమావాస్య పోటు ఇంకను తగ్గలేదు. దానికి తుపాను గాలి తోడయ్యెను. మామూలు పోటు మట్టముపై సుమారు 13 అడుగుల ఎత్తున సముద్రము లేచి, పల్లపు భూములపైకి ఎక్కి, కొన్నిచోట్ల 17 మైళ్ల దాక లోనికి వచ్చెను. మరణించినవారు సుమారు 30,000 మంది. బ్రతికి బయటపడినవారికి త్రాగుటకు మంచినీరు కరవయ్యెను. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియై అప్పటికి తొమ్మిది ఏండ్లు. తీపినీటిని తెచ్చుటకు మనుష్యులు అంత శ్రమపడిన నేలమీదికి ఒక్క రాత్రిలో ఉప్పునీరు వచ్చెను.

ఆ సాయంకాలము బందరు ప్రజలకు ముందుగా చెప్పగలవారు లేకపోయిరా? తుపాను సుడి తిరుగుచు నడచునని విద్వాంసులకు అప్పటికి ఇరువది ఏండ్లకు పైగా తెలియును. దేశమున తంతి నడువబట్టి దాదాపు పదేండ్లు. విద్య యుండెను, వార్త మోయు తీగయు ఉండెను. ఆ రెంటిని కలిపినవారు లేరు.

ఆ విద్య ఎట్లు వచ్చినదో వినదగిన కథ. హెన్రీ పిడ్డింగ్‌టన్ అను ఆంగ్లేయుడు పూర్వము ఓడ కప్తానుగా తిరిగి, తరువాత కలకత్తాలో స్థిరపడి, ఓడ ప్రమాదముల విచారణ సభకు అధ్యక్షుడైనవాడు. 1839 నవంబరులో గోదావరి ముఖమునగల కోరంగి రేవుపై గొప్ప తుపాను పడెను. అంతకు అర్ధశతాబ్ది పూర్వము, 1789 డిసెంబరులో, అదే కోరంగి మూడు ఉప్పెనతరగలచే నాశనమై సుమారు 20,000 మంది మరణించిరని చెప్పుదురు. ఓడలు కట్టు ఊరు కనుక మరల లేచినది, మరల పడినది. ఈ రెండవ తుపానును పిడ్డింగ్‌టన్ తన పరిశోధనకు విషయముగా గైకొనెను.

అతని పద్ధతి చాల సులభమైనది. ప్రతి ఓడలోను గంటగంటకు గాలి ఏ దిక్కునుండి వీచినది, బారోమీటరులో పాదరసము ఎంత దిగినది, ఓడ ఎచ్చట నున్నది వ్రాయు దినచర్య పుస్తకము ఉండును. తుపానులో చిక్కి బయటపడిన కప్తానుల నుండి అతడు ఆ పుస్తకములను తెప్పించుకొనెను. సముద్రపటము పరచి, ఒకే దినము, ఒకే వేళకు ఏ ఓడ ఎచ్చట నున్నదో గుర్తుపెట్టి, ఆ ఓడకు తగిలిన గాలిని బాణముగా గీచెను. చెదరిన బాణములు కావవి. కళ్లములో నడిమి కొయ్య చుట్టు తిరుగు ఎద్దులవలె ఒక బిందువు చుట్టు తిరుగుచుండెను. ఆ బిందువే తుపాను కన్ను. మరునాటి బాణములతో మరునాటి కన్ను తెలియును. కన్నులను కలిపి గీచిన గీతయే తుపాను నడచిన దారి. ఎవరి ఓడ వారికి తమ గాలిని మాత్రమే చెప్పినది. పది ఓడల మాట కలిపినపుడుగాని తుపాను ఆకారము కనబడలేదు.

1848లో అతడు నావికులకై ఒక గ్రంథము ప్రకటించి, అందు ఈ సుడిగాలికి గ్రీకు భాషలో పాము చుట్ట అని అర్థమిచ్చు మాటనుండి సైక్లోన్ అని పేరుపెట్టెను. ప్రపంచమంతయు నేడు పలుకు ఆ మాట బంగాళాఖాతపు గాలివానల వలన పుట్టినదే. గ్రంథముతోపాటు, కొమ్మును పలుచగా చెక్కి చేసిన, ఆవలిది కనబడు రేకులపై తుపాను గాలుల వలయములు గీయించి ఇచ్చెను. కప్తాను ఆ రేకును పటముపై పెట్టి, తనకు తగులు గాలితో సరిపోల్చి, తుపాను కన్ను ఏ వైపున నున్నదో, ఏ వైపునకు తప్పించుకొనవలెనో తెలిసికొనును. అందరకును తెలిసిన ఉపాయమే. కాని సముద్రముపై నున్నవారికి మాత్రమే. ఒడ్డున గుడిసెలో నున్నవానికి కొమ్ము రేకు ఏమి చేయును?

ఒడ్డున నున్నవారిని గూర్చియు పిడ్డింగ్‌టన్ తలచకపోలేదు. కలకత్తాకు దక్షిణమున మాత్లా నదిపై క్రొత్త రేవు కట్టుదురని వినగానే 1853లో గవర్నరు జనరలుకు లేఖ వ్రాసి, అచ్చట ఉప్పెన వచ్చి తీరునని హెచ్చరించెను. ఎవరును లెక్కపెట్టలేదు. అతడు 1858లో గతించెను. రేవు కట్టిరి. 1867 నవంబరులో ఉప్పెన వచ్చి దానిని పాడుచేసెను.

తీగను విద్యతో కలిపిన ఖ్యాతిలో తూర్పు సముద్రములకును భాగము కలదు. చైనా, ఫిలిప్పీన్స్ తీరములలో ఈ తుపానునే టైఫూను అందురు. మనీలా వేధశాలలో ఫెదెరీకో ఫౌరా అను జెసూటు గురువు 1879 జూలైలో, గాలిని, మేఘములను, బారోమీటరును చూచి, రాబోవు టైఫూనును గూర్చి ప్రజలకు ముందుగా ప్రకటించెను. అదే సంవత్సరము షాంఘై సమీపమున జికావై వేధశాలలో మార్క్ దెషెవ్రాన్ అను మరియొక గురువు జూలై 31న వచ్చిన టైఫూను దారిని ఓడల లెక్కలనుబట్టి కట్టెను. 1880లో మనీలా నుండి హాంగ్‌కాంగ్‌కు సముద్రపు తంతి పడెను. తుపాను నడకకంటె తంతి నడక వేగము గదా! హాంగ్‌కాంగ్ వేధశాల 1883లో స్థాపింపబడినది. మరుసటి ఏట నుండి టైఫూను వచ్చునపుడు ఫిరంగి ప్రేల్చి ఊరికి చాటసాగిరి. చదువురానివానికి కూడ ఫిరంగి మ్రోత తెలియును.

భారతదేశమున 1864 అక్టోబరు 5న కలకత్తాపై పడిన తుపాను ఓడలను చిందరవందర చేసి, వేలకొలది ప్రజలను చంపెను. ఇరువదియేడు దినములకు బందరు మునిగెను. మరుసటి ఏడు, 1865లో, తుపాను హెచ్చరిక ఏర్పాటు జరిగినది కలకత్తా రేవునకు. ఓడల నష్టము లెక్కకు వచ్చినంత త్వరగా గుడిసెల నష్టము రాదు. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అధికారిగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడిన తరువాతనే ఇతర రేవుల వంతు క్రమముగా వచ్చినది. రేడియోలో వినబడు ‘ప్రమాద సూచిక నెంబరు’ ఆ ఏర్పాటుల సంతతియే. పగలు స్తంభముపై ఆకారములను, రాత్రి దీపములను ఎత్తి ఓడలకు చూపు గుర్తులవి.

గాలిని చదువుట పల్లెవారికి కూడ రావలసినదే. గాలికి వీపు పెట్టి నిలిచి ఎడమచేయి చాచిన, తుపాను కన్ను ఆ చేతి వైపున ఉండును. డెల్టా తీరమున నిలిచినవానికి గాలి ఈశాన్యమునుండి తూర్పునకు, పిదప ఆగ్నేయమునకు తిరుగుచున్నచో, తుపాను తనకు దక్షిణముగా పోవుచున్నదని అర్థము. గాలి సముద్రమును ఒడ్డుపైకి తోయుచున్నదన్నమాట; ఉప్పెన భయము ఆ వైపుననే. ఉత్తరమునుండి పడమటికి తిరిగిన, తుపాను పైగా పోవుచున్నది. గాలి నీటిని వెనుకకు నెట్టును. పఠనమందిరములోని అట్లాసు తెరచి 1977 నవంబరు 19నాటి తుపాను చీరాల సమీపమున ఒడ్డెక్కిన చోట వ్రేలు పెట్టినచో, దివిసీమ దానికి ఏ వైపున నున్నదో కనబడును. తుపాను వచ్చుచున్నదని ఆనాడు వాతావరణ శాఖకు తెలియును. అయినను పదివేలమందికి పైగా మరణించిరి.

1990 మే 9న తుపాను కృష్ణా ముఖద్వారము సమీపముననే ఒడ్డెక్కెను. ఈ మారు లక్షలాది జనమును ముందుగనే లంకలనుండి, తీరపు ఊళ్లనుండి ఎత్తైన చోట్లకు తరలించిరి. నష్టము అపారమే గాని, మృతులు వెయ్యిలోపు. పిడ్డింగ్‌టన్ గీచిన వలయములను నేడు ఉపగ్రహములు ఆకాశమునుండి చూచి పంపుచున్నవి. 1977 తరువాత తీరము వెంబడి ఎత్తైన స్తంభములపై తుపాను ఆశ్రయ భవనములు కట్టిరి. క్రింద నీరు పోవుటకు ఖాళీ, పైన జనమునకు గది, మిద్దె పైకి మెట్లు. మామూలు దినములలో పిల్లల బడికి కూడ పనికివచ్చునట్లు వానిలో కొన్నిటిని కట్టిరి.