లారీ కిరాయి తగవులు

మన తెలుగు క్యాంపులున్న గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాల్లో మిల్లు బియ్యం కదలాలంటే లారీలే దిక్కు. లోడు కుదిర్చేది బ్రోకరు. అడ్వాన్సు చేతిలో పెట్టి, మిగతా కిరాయి సరుకు దిగాక ఇస్తానంటాడు. దిగాక బస్తాలు తగ్గాయనో, పార్టీ డబ్బు పంపలేదనో తిప్పుతాడు. ఈలోగా లారీ మీద ఫైనాన్సు వాయిదా వచ్చి పడుతుంది. పార్టీ ఎగ్గొడితే బ్రోకరూ మునుగుతాడు, అదీ నిజమే.

నోటిమాట నీటిమూట. కిరాయి ఇవ్వవలసింది మిల్లుదారా, బ్రోకరా? హాల్టింగు రోజుకెంత? తరుగు ఎవరి ఖాతా? ఇవన్నీ లోడు ఎక్కించకముందే రాయించి సంతకం తీసుకోండి. కాటా చీటీ, సరుకు ముట్టినట్టు సంతకమైన రసీదు నకలు దాచుకోండి.

1865 నాటి చట్టం స్థానంలో 2007లో చేసిన రోడ్డు సరుకు రవాణా చట్టం 2011 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం అందరికీ సరుకు బుక్ చేసే బ్రోకరు కూడా క్యారియరే. రిజిస్ట్రేషన్ లేనిదే ఆ వ్యాపారం చేయకూడదు. కొత్త బ్రోకరైతే ముందు ఆ నంబరు అడగండి.

కిరాయి బాకీ దావాకు గడువు 3 ఏళ్లు. మొహమాటంతో ఆ గడువు దాటనివ్వకండి.