బావిలో దిగువానికి ఒరపిడి ముడి: సన్నత్రాడు కొలుచు విధము

(కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకై ఉపన్యాసము)



కపిల తోలిన కాలమున త్రవ్వించిన బావులు ఈ మూడు ప్రాంతములయందును నేటికిని పెక్కు నిలిచి యున్నవి. గొట్టపు బావులు వచ్చిన పిదప వానిలో కొన్ని యెండినవి, కొన్ని పూడినవి. అయినను పూడిక తీయుటకో, జారిపడిన మోటారును వెలికి దీయుటకో, కాలుజారి పడిన మేకను, దూడను కాపాడుటకో ఎవరో యొకరు బావిలో దిగుట తప్పుట లేదు. దిగువాడు తఱచుగా భూమి గల ఆసామి కాడు, ఆసామి పిలువగా వచ్చిన కూలివాడు. త్రాడు తెచ్చి యిచ్చువాడు మాత్రము ఆసామియే. కావున ఆ త్రాడు ఎట్టిది, ఎంత మందము గలది, ఎట్లు కొలిచి కోసినది యను విచారణ ఆసామిపైననే యున్నది. చేనికి విత్తనము తూచి వేయు రైతు మనుష్యుని ప్రాణమును మోయు త్రాటిని కంటి యంచనాతో కోయుట తగదు.

ఒరపిడి ముడి యనగా నేమి?

ఒరపిడి పట్టు రైతులకు క్రొత్త కాదు. తాడియెక్కు గీతగాని మోకు మ్రాను చుట్టును వచ్చి, వాని బరువు వెనుకకు పడగానే మ్రానును కఱచి పట్టును. బరువు తీసి చేతితో ఎగుర వేసినపుడు పైకి పోవును. పశువుల కొట్టములో గుంజకు పలుపును రెండు మూడు చుట్లు చుట్టి కొన పట్టుకొన్న బాలుడు బలిసిన యెద్దును సైతము నిలుపగలడు. ఒరపిడి గుణకము 0.3 అయినపుడు ఒక చుట్టు చేతి పట్టును సుమారు 6.6 రెట్లు చేయును. రెండు చుట్లు 43 రెట్లు, మూడు చుట్లు 285 రెట్లు చేయును. ఒక్క చుట్టు తగ్గుట యెంత నష్టమో దీనివలన తెలియును.

ఈ సూత్రమునే త్రాటిపై త్రాటితో నడుపు ముడిని ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడగు కార్ల్ ప్రూసిక్ 1931 సంవత్సరమున ప్రకటించెను. ఆ ముడికి ఆయన పేరే నిలిచినది. సన్నత్రాటి కొనలు రెండును కలిపి వలయముగా ముడివేయుదురు. ఆ వలయమును వ్రేలాడు మోకు ప్రక్కన నుంచి, దాని యొక కొసను మోకు చుట్టును త్రిప్పి వలయములో నుండియే ఇవతలకు తీయుదురు. ఇట్లు మూడు మారులు త్రిప్పి, చుట్లు ఒకదానిపై నొకటి ఎక్కకుండ సరిదిద్ది బిగించినచో మోకుపై పైన మూడు, క్రింద మూడు, మొత్తము ఆఱు చుట్లు కనబడును. బరువు పడినపుడు ముడి మోకును పట్టును. బరువు లేనపుడు చేతితో నెట్టిన జరుగును. ఇట్టి వలయములు రెండు కావలెను. ఒకటి నడికట్టునకును, రెండవది పాదమునకును. పాదపు వలయముపై నిలిచి నడుము వలయమును పైకి జరుపుట, నడికట్టుపై కూర్చుండి పాదపు వలయమును పైకి జరుపుట, ఇట్లు మార్చి మార్చి మనుష్యుడు తన బలముతోనే బావి పైకి రాగలడు.

త్రాటి జాతి, మందము

కొబ్బరి నార, జనుపనార త్రాళ్లు చివికినది లేనిది పైకి తెలియదు. అంగళ్లలో చవుకగా దొరకు పసుపు, నీలిరంగుల ప్లాస్టిక్ త్రాళ్లు నున్ననివి, ఎండకు పెళుసగును, సుమారు 160 డిగ్రీల వేడికే కరగును. ముడి వేగముగా జారినచో ఒరపిడి వేడి ఆ త్రాటిని చెఱచును. కాబట్టి ఇవి పశువులకును మూటలకును సరియే గాని మనుష్యునికి పనికిరావు. లోపల పోగులును పైన అల్లిన తొడుగును గల నైలాను త్రాడే తగినది. మోకు 11 మిల్లీమీటర్ల మందముది యుండవలెను.

సన్నత్రాడు ఎంత లావైన అంత మేలని తలచుట పొరపాటు. మోకుతో సమానమైన లావు గల త్రాడు దానిని కఱచి పట్టదు, జారును. మఱియు సన్నమైనది గట్టిగా పట్టును గాని బలము చాలదు. మోకు మందములో సుమారు పదింట ఆఱు పాళ్లు సన్నత్రాటికి తగిన మందము. 11 మిల్లీమీటర్ల మోకునకు 6 గాని 7 గాని చాలును. ఐరోపా ప్రమాణము 564 ననుసరించి 6 మిల్లీమీటర్ల త్రాడు తెగకుండ మోయవలసిన కనీసపు బరువు సుమారు 730 కిలోలు. 7 మిల్లీమీటర్లది సుమారు 1000 కిలోలు. ముడి వేయుటవలనను, తడియుటవలనను, పాతపడుటవలనను ఈ బలము తగ్గును గనుక మిగులు ఎక్కువగా నుండుట యవసరము.

పొడవు కొలుచు విధము

వలయము పొడవెక్కువైనచో ముడి చేతికందని యెత్తున బిగిసికొనును. మనుష్యుడు దానిని జరుపలేక నడిబావిలో వ్రేలాడును. అట్లు కదలక వ్రేలాడుటయే కొద్ది నిమిషములలో స్పృహ తప్పింపగలదు. పొడవు తక్కువైనచో మూడవ త్రిప్పుటకు త్రాడు చాలదు. లేదా కొనలు పొట్టివై, కలిపిన ముడి ఊడివచ్చును. రెండును ప్రాణాపాయములే.

కొలుచుటకు మూర, జాన, బెత్తెడు పనికిరావు. ఒకని మూర 17 అంగుళములు, మఱియొకనిది 20 అంగుళములు. మూడు మూరల త్రాటిలో ఆ భేదము 9 అంగుళములగును. అనగా ఒక జానెడు. ఇనుప టేపుతో మాత్రమే కొలువవలెను. క్రొత్త నైలాను త్రాడు తడిసి ఆరిన పిదప కొంత కుదించుకొనును. లాగి పట్టినచో సాగును. కావున ఒకమారు నీట తడిపి, నీడన ఆరబెట్టి, లాగక నేలపై పఱచి కొలువవలెను.

కొలతలో మూడు భాగములున్నవి.

మొదటిది దూరము. బావిలో దిగబోవు మనుష్యునినే నడికట్టు కట్టుకొని, దూలమునుండి వ్రేలాడు మోకు ప్రక్కన నిలువుమనవలెను. మోచేయి కొంచెము వంచినపుడు చేయి సులభముగా నందు చోట మోకుపై గుర్తు పెట్టి, నడికట్టు కొక్కెమునుండి ఆ గుర్తువఱకు కొలువవలెను. ఇది 12 అంగుళములైనచో, వలయమునకు రెండు పేటలు గనుక 24 అంగుళములు.

రెండవది చుట్లు. మోకు మందమును సన్నత్రాటి మందమును కూడి 3.14 చేత గుణించిన నొక చుట్టునకు పట్టు త్రాడు వచ్చును. 11, 6 కలిపి 17 మిల్లీమీటర్లు. దానికి చుట్టు 53 మిల్లీమీటర్లు. ఆఱు చుట్లకు 320 మిల్లీమీటర్లు, అనగా సుమారు 13 అంగుళములు.

మూడవది కలుపు ముడి. రెండు కొనలను ఎదురెదురుగా చేర్చి, ఒక్కొక్క కొనను రెండవ పేటపై రెండు చుట్లు చుట్టి, ఆ చుట్ల లోపలినుండి దూర్చి బిగించు జోడు ముడియే దీనికి తగినది. ముడి దాటి ఇరువైపుల మూడేసి అంగుళముల తోక మిగులవలెను. ఈ ముడి యెంత త్రాడు మ్రింగునో అదే జాతి త్రాటి ముక్కపై సిరాగుర్తులు పెట్టి, ముడివేసి, విప్పి తెలిసికొనవలెను. తోకలతో గూడ 16 అంగుళములు పట్టినదనుకొన్నచో మొత్తము 24, 13, 16 కలిపి 53 అంగుళములు. అనగా సుమారు 1.35 మీటర్లు.

పాదపు వలయమునకును లెక్క యిదియే. అరికాలినుండి నడుమువఱకు 36 అంగుళములైనచో 72, 13, 16 కలిపి 101 అంగుళములు, అనగా 8 అడుగుల 5 అంగుళములు కావలెను.

బావి పూడిక తీయునపుడు మోకునకు బురద పట్టును, ముడి జారును. అట్టి చోట నాల్గవ మారు త్రిప్పవలెను. దానికి రెండు చుట్లు, అనగా 4 అంగుళములకు మించిన త్రాడు అదనముగా పట్టును. ఎండిన మోకుపై సరిపోయిన వలయము బురద మోకుపై చాలకపోవుట ఇందువలననే. కావున మొదటనే 5 అంగుళములు ఎక్కువ విడిచి కోయుట మంచిది.

ఇతర దేశములందు రక్షక దళములవారు 8 మిల్లీమీటర్ల త్రాటిని 1.35, 1.65 మీటర్ల ముక్కలుగా కోసి జతగా వాడుదురు. ఆ అంకెలు చూచి 6 మిల్లీమీటర్ల త్రాటికి అవియే చాలునని తలపరాదు. మందము మారిన చుట్టు మారును, ముడి మ్రింగు త్రాడును మారును. త్రాడు మారినపుడెల్ల కొలత మొదటినుండి చేయవలసినదే.

పరీక్షయు, బావిగట్టును

వలయమును మొదట బావిపై నెన్నడును పరీక్షింపరాదు. నేలకు రెండడుగుల యెత్తున మోకుపై ముడివేసి, ఇద్దఱి బరువు దానిపై నుంచి, జాఱినదో లేదో చూడవలెను. దిగువాడు ఆ యెత్తుననే ఎక్కుట, దిగుట తెలిసినవాని యెదుట అభ్యసింపవలెను. బరువు పడుచున్నపుడు ముడిపై చేయి వేసి పట్టుకొనరాదు. భయముతో పట్టిన పట్టు ముడిని వదులు చేసి జార్చును. నడుమునకు వట్టి త్రాడు గాని పంచె గాని కట్టుట పనికిరాదు. తొడలను నడుమును కలిపి పట్టు పట్టీల నడికట్టు ఉండవలెను.

జమ్మలమడుగు వైపు బావులలో నాపరాతి పొరలు కత్తివాదర వలె బయటికి పొడుచుకొని యుండును. మోకు తగులు ప్రతి యంచునను మడత పెట్టిన గోనె పట్టలు వేసి కదలకుండ కట్టవలెను.

ఈ ముడి చేయలేని పని

ఒరపిడి ముడి తెలివి గలవానికే యుపయోగించును. స్పృహ తప్పినవాడు దానిని జరుపలేడు. చాలకాలము మూసియున్న బావిలో ప్రాణవాయువు తగ్గియుండును; కుళ్లిన పూడికనుండి విషవాయువు పుట్టును. దీపము దింపి చూచుట చాలదు. దీపము వెలుగుచుండగనే మనుష్యుడు కూలవచ్చును. వాయువును కొలుచు యంత్రముతో పరీక్షించి, పైనుండి గాలి కొట్టింపక ఎవరును దిగరాదు. బావిలో నూనె యింజను నడుపరాదు. మఱియు దిగువాని నడికట్టునకు రెండవ మోకు కట్టి, దానిని గట్టుపై నలుగురు పట్టియుండవలెను. లోపలివాడు పలుకనిచో ఆ మోకుతో పైకి లాగవలెను గాని రెండవవాడు ఆత్రముతో దిగరాదు. ఒకని వెంట నొకడు దిగి ప్రాణములు విడిచిన కుటుంబములు దేశమున పెక్కు గలవు. వెంటనే 101 సంఖ్యకు అగ్నిమాపక శాఖవారిని పిలువవలెను.

బావిగట్టున చూచుకొనవలసిన వరుస

1. గాలి పరీక్ష ముగిసినదా?
2. మోకు, రెండవ మోకు వేర్వేఱు గట్టి ఆధారములకు కట్టినవా?
3. అంచులకు గోనె వేసితిరా?
4. సన్నత్రాటి మందము, పొడవు టేపుతో కొలిచినవా? తోకలు మూడంగుళములున్నవా?
5. చుట్లు ఆఱు సరిగా పడినవా? బురద యున్నచో ఎనిమిది పడినవా?
6. వలయములు దిగువాని చేతికొలతకే కోసినవా, మఱియొకనివా?

కొలిచి కోసిన వలయములను ఎండ తగులని సంచిలో నుంచి, కోసిన తేదీయు, ఎవని కొలతయో, ఏ మోకునకో చీటిపై వ్రాసి కట్టవలెను. తొడుగు చిరిగినను, గట్టిపడినను, ఒకమారు వేడికి మెఱసినను ఆ వలయమును ముక్కలుగా కోసి పాఱవేయవలెను. దాచినచో మఱియొకడు తెలియక వాడును. రెండు వలయములకు పట్టు త్రాడు పదునాలుగడుగులకు మించదు. బావిలో దిగువాడు సాయంకాలమునకు తన యిల్లు చేరుట దాని కొలతపై నాధారపడి యున్నది.