చేతులకును చదువు కావలెను
(ఉపన్యాస పాఠము)



కొన్ని సంవత్సరముల క్రిందట పక్షవాతము వచ్చిన ఒక సంఘపెద్దను చూడబోయితిమి. వారిని కూర్చుండబెట్టవలెనని పడిపోయిన చేతినే పట్టి పైకి లాగితిమి. నాటినుండి వారికి భుజమునొప్పి పట్టుకొనెను. తరువాత వచ్చిన ఫిజియోథెరపిస్టు, "అయ్యగారూ, పట్టు తప్పిన చేతిని లాగకూడదండి, భుజం కీలు జారుతుంది. వీపు వెనక చెయ్యి వేసి లేపాలండి" అని మెల్లగా చెప్పినది. మా ఉద్దేశము మంచిదే గాని చేతులకు చదువు లేదు. ఆ చదువు ఎట్లు పుట్టినదో నేడు మనవి చేయుచున్నాము.

మర్దనము మన యిండ్లలో పాతదే. అయితే వ్యాయామ చికిత్సను ఒక సంస్థలో క్రమముగా బోధించుటకు 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ అను స్వీడన్ దేశస్థుడు పూనుకొనెను.

ఇంగ్లండులో కథ అవమానముతో మొదలాయెను. 1894లో లండను మర్దనశాలలు కొన్ని అవినీతికి ముసుగులని వైద్యపత్రిక హెచ్చరించెను. నిజాయితీగా పనిచేయు నర్సులకును ఆ నింద అంటెను. అప్పుడు రోసలిండ్ పేజెట్ మొదలగు నలుగురు స్త్రీలు మౌనముగా తప్పుకొనలేదు, వాదించుచు కూర్చుండలేదు. శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించి, పరీక్షలు పెట్టిరి. డాక్టరు ఆదేశము లేనిదే చికిత్స చేయరాదు, సామాన్య పత్రికలలో ప్రకటనలు వేయరాదు అని తమకు తామే కట్టడి విధించుకొనిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించెను. 1944లో ఫిజియోథెరపీ సంఘమను పేరు వచ్చెను. నిందకు వారిచ్చిన జవాబు క్రమశిక్షణయే.

మన దేశములో దీనిని తెచ్చినది పోలియో. 1952లో బొంబాయిలో ఆ వ్యాధి వ్యాపించగా, 1953లో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో మొదటి శిక్షణాలయము ఏర్పడెను. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘము పుట్టెను.

మన చిత్తూరు సీమకు పొరుగుననున్న వెల్లూరును మరువరాదు. అక్కడి డాక్టరు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదమున నడుము క్రింద స్పర్శ కోల్పోయిరి. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. పిమ్మట న్యూయార్కులో పునరావాస వైద్యము అభ్యసించి తిరిగి వచ్చిరి. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రము తెరువబడెను. కత్తి సరిచేసిన వ్రేళ్లకు మరల పని నేర్పునది ఫిజియోథెరపిస్టు చేతులే గదా!

నేడిది విశ్వవిద్యాలయపు పట్టా చదువు. 2021లో పార్లమెంటు ఈ వృత్తులకు ప్రత్యేక చట్టము చేసెను.

కాబట్టి తలిదండ్రులారా, మీ పిల్లలు ఈ చదువు కోరినయెడల "కాళ్లు పిసికే పని" అని చులకన చేయకుడి. రోగి యింటికి వెళ్లు మనమును, లేవనెత్తక ముందు ఎట్లు లేవనెత్తవలెనో అడిగి తెలిసికొందము. మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. ఒక వృద్ధుని భుజము దానికి వెల చెల్లించెను.