ఇంటి కరెంటు బిల్లు - పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు



విద్యుత్తును గురించి పంచాయతీ సభ్యులతో ముచ్చటింప వచ్చినవారు వీధి దీపములను గురించియు, మంచినీటి మోటారును గురించియు చెప్పిపోవుట వాడుక. నేడు నేనా విషయములను చివరకు త్రోసి, ఇంటింటి గోడకు తగిలించియున్న మీటరును గురించియు, దాని పేర నెలనెలకు వచ్చు చీటీని గురించియు చెప్పదలచినాను. ఏలయనగా, మీ గుమ్మము త్రొక్కి వచ్చువారిలో పలువురు ఈ చీటీని చేతబట్టుకొనియే వచ్చుచున్నారు. "పోయిన నెల రెండువందల యేబది వచ్చినది, ఈ నెల మూడువందల నలువది దాటినది, ఇంటిలో కొత్తగా ఒక్క దీపమైనను పెట్టలేదు" అందురు. లైన్‌మన్ నడిగినచో యంత్రము చెప్పినదనును. ఆఫీసుకు పోయినచో ముందు కట్టి రమ్మందురు. చదువుకొన్నవాడు ఇంకొక నాలుగు మెట్లెక్కి అడుగును. కూలి విడిచి పోలేనివారు, ఒంటరిగా నుండు ముసలివారు అప్పు చేసి కట్టుదురు. కట్టలేనివారి ఇంట చీకటి యగును. కావున ఆ చీటీని చదువుట మీలో ఒక్కరికైనను క్షుణ్ణముగా తెలిసియుండుట అవసరము.

ముందుగా ధర నిర్ణయించువా రెవరో తెలిసికొనవలెను. 1959 ఏప్రిల్ 1 న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు నలుబది యేండ్లు విద్యుత్తు నుత్పత్తి చేయుట, తీగలు వేయుట, బిల్లులు వసూలు చేయుట అన్నియు తానే చేసెను. 1998 నాటి సంస్కరణ చట్టము ననుసరించి 1999 లో దానిని విడదీసిరి. 2000 సంవత్సరమున పంపిణీ కంపెనీలు ఏర్పడినవి. ఆ యేటనే చార్జీలు పెంచగా రాష్ట్రమంతట ఆందోళన చెలరేగి, ఆగష్టు 28 న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. కరెంటు ధర యన్నది కాగితము మీది అంకె మాత్రమే కాదని ఆ దినము అందరకును తెలిసెను. నేడు తెలంగాణమున వరంగల్లు వైపున ఉత్తర మండల కంపెనీయు, హైదరాబాదు వైపున దక్షిణ మండల కంపెనీయు కలవు. అయితే ఈ కంపెనీలకు తమంతట తాము ధర పెంచు అధికారము లేదు. అవి విద్యుత్ నియంత్రణ మండలికి అర్జీ పెట్టుకొనవలెను. మండలి ప్రజల అభ్యంతరములను విని, పిమ్మట ఉత్తర్వు ఇచ్చును. లైన్‌మన్‌తో కలహించిన ప్రయోజనము లేకపోవుట ఇందువలననే.

ఇక బిల్లు. వేయి వాట్ల పరికరము ఒక గంట నడచినచో ఒక యూనిట్ అగును. 75 వాట్ల పాత ఫ్యాను దినమునకు పది గంటలు తిరిగినచో నెలకు 22 యూనిట్లన్నర. ఇంతవరకు చాలమంది ఎరిగినదే. తెలియనిది శ్లాబు మర్మము. తెలంగాణమున 2022 మార్చిలో నియంత్రణ మండలి ప్రకటించిన ధరల ప్రకారము నెలకు 100 యూనిట్ల లోపు వాడినవారికి మొదటి 50 యూనిట్లకు 1 రూపాయి 95 పైసల వంతునను, తరువాతి 50 యూనిట్లకు 3 రూపాయల 10 పైసల వంతునను లెక్క. సరిగా 100 యూనిట్లు వాడినవానికి 252 రూపాయల 50 పైసలు. ఒక్క యూనిట్ పెరిగి 101 అయినదనుకొనుడు. అప్పుడతడు వేరొక తరగతిలో పడును. మొదటి 100 యూనిట్లకును 3 రూపాయల 40 పైసలు, ఆ పై యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు. మొత్తము 344 రూపాయల 80 పైసలు. అనగా ఒక్క యూనిట్‌కు 92 రూపాయల 30 పైసలు పడినది! 200 హద్దు వద్ద ఇంకను ఎక్కువ. 200 యూనిట్లకు 820 రూపాయలు కాగా, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఒప్పుకొన్న లోడును బట్టి వేయు స్థిర చార్జీ, వినియోగదారుని చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకము వీనికి అదనము.

ప్రక్కనున్న ఆంధ్రప్రదేశమున ఆ 2022 సంవత్సరముననే ఈ తరగతులను తీసివేసి, అందరకును ఒకే మెట్ల వరుస ఏర్పరచిరి. అక్కడ ఎంత వాడినవానికైనను మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలకే వచ్చును. హద్దు దాటిన యూనిట్లకు మాత్రమే పై ధర పడును. ఏది మేలన్న వాదము నేనిప్పుడు చేయను. మన పద్ధతిలో మాత్రము హద్దు వద్ద నున్న కుటుంబము ఒక్క అడుగు తప్పినచో మెట్టు కాదు, గోడయే దాటినట్లగును.

ఇందువలననే రీడింగు తేదీ ముఖ్యము. దినమునకు 6 యూనిట్ల 2 పాయింట్లు వాడు ఇంటికి 30 దినములకు 186 యూనిట్లు. రీడింగు తీయువాడు మూడు దినములు ఆలస్యముగా వచ్చినచో 33 దినములకు 204 దాటును. ఇంటివారు చేసిన తప్పేమియు లేదు. ఐనను రోజుల లెక్క సవరింపనిచో వారు 200 దాటినవారిలో చేరుదురు. 2024 మార్చి నుండి అమలునకు వచ్చిన గృహజ్యోతి పథకము క్రింద తెల్ల రేషన్ కార్డు గల ఇండ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నాగా వచ్చును. ఆ హద్దు దాటిన నెలలో ఆ ఉచితము వర్తింపదు. కావున మూడు దినముల ఆలస్యము ఒక బీద కుటుంబమునకు సున్నాకును వేయి రూపాయలకును గల భేదము కావచ్చును. బిల్లుపై గత రీడింగు తేదీ, ప్రస్తుత రీడింగు తేదీ రెండును ముద్రింపబడును. మొట్టమొదట చూడవలసినవి ఆ రెండు తేదీలు. నడుమ ముప్పది దినములకంటె ఎక్కువ ఉన్నచో, ఆ రోజుల ప్రకారము శ్లాబును సవరించినదీ లేనిదీ వ్రాతమూలముగా అడుగుడు. 2020 లో వ్యాధి భయముచే రీడింగులు నిలిచి, జూన్ నెలలో మూడు నెలలది ఒక్కసారిగా తీసినప్పుడు సగటు కట్టవలసి వచ్చినది. అప్పుడు లేచిన గగ్గోలు మీకు జ్ఞాపక ముండును.

రెండవది, మీటరు. ఎలక్ట్రానిక్ మీటరుపై చిన్న ఎర్ర దీపము మినుకుమినుకు మనుచుండును. ఇంటిలోని మెయిన్ స్విచ్చి ఆపి రెండు నిమిషములు చూడుడు. అప్పటికిని అది మినుకుచున్నచో మీటరునందో, మెయిన్‌కు ముందున్న తీగయందో దోషమున్నది. ఆపగానే నిలిచినచో తప్పు మీటరుపై వేయుటకు ముందు ఇంటి వైరింగు చూడవలెను. అన్నదమ్ములు పాలు పంచుకొని ఒకే ఇంటిని రెండు చేసినప్పుడు ఇద్దరి న్యూట్రల్ తీగయు కలిసిపోవుట గ్రామములలో సాధారణము. నేటి మీటర్లలో పెక్కు ఫేజు, న్యూట్రల్ రెంటిలో ఏ దానియందు ఎక్కువ కరెంటు పారిన దానినే లెక్కించును. కావున తమ్ముడు వాడినది అన్న మీటరున పడును. పాత ఇండ్లలో తడిగోడల ద్వారా భూమిలోనికి దిగిపోవు కరెంటు సంగతియు నింతే. ఇది ధనమునకే గాక ప్రాణమునకును ముప్పు. మంచి ఎలక్ట్రీషియన్ చేత చూపించి, అప్పటికిని సందేహము తీరనిచో మీటరు పరీక్షకు రుసుము చెల్లించి దరఖాస్తు చేయవచ్చును. మీటరు తప్పని తేలినచో బిల్లు సవరింపవలసినదే.

బిల్లులో యూనిట్ల ధరకు సంబంధింపని అంకెలు కొన్ని అప్పుడప్పుడు కనబడును. ఏ.సి.డి. యన్నది అదనపు వినియోగ డిపాజిటు. సుమారు రెండు నెలల వాడకమునకు సరిపడు సొమ్ము కంపెనీ వద్ద ఉంచవలెనన్న నియమము ననుసరించి దీనిని అడుగుదురు. 2023 ప్రారంభమున ఉత్తర జిల్లాలలో దీనిపై గొప్ప అలజడి జరిగినది. ఇది చార్జీ కాదు, మీ సొమ్మే. దానిపై వడ్డీ ఇయ్యవలెనని చట్టములోని 47 వ సెక్షన్ చెప్పుచున్నది. ఆ వడ్డీ ఏ నెల బిల్లులో జమపడినదో చూచుకొనుడు. అద్దె ఇండ్లలో డిపాజిటు ఎవరు కట్టవలెనన్న తగవు మీ వద్దకు వచ్చినచో, సర్వీసు ఎవరి పేర నున్నదో వారికే అది తిరిగి దక్కునని చెప్పి తీర్చవచ్చును.

ఇంధనపు ధర పెరిగినందున వేయు సర్దుబాటు వేరు. ఆంధ్రప్రదేశమున 2022-23 లో కొన్న విద్యుత్తుకు సంబంధించిన సర్దుబాటు, 6,000 కోట్ల రూపాయలకు పైబడినది, 2024 డిసెంబరు నుండి వసూలు చేయుట మొదలయినది. అప్పుడు వాడినవాడు అద్దెయిల్లు విడిచిపోయినను, ఇప్పుడున్నవాడు కట్టవలసివచ్చును. అక్కడి గృహస్థులు దీనిని అన్యాయమనుటలో ఆశ్చర్యము లేదు. బొగ్గు ధర పెరిగినది నిజమే. కాని ఆలస్యమునకు బొగ్గు కారణము కాదు గదా!

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. బిల్లు కట్టలేదని వెంటనే తీగ కత్తిరించుటకు ఎవరికిని హక్కు లేదు. 2003 నాటి విద్యుత్ చట్టము 56 వ సెక్షన్ ప్రకారము పూర్తి పదునైదు దినముల గడువుతో వ్రాతపూర్వకమైన నోటీసు ఈయవలెను. బిల్లు తప్పని వాదించు వినియోగదారుడు అడిగిన మొత్తమును గాని, గత ఆరు నెలల సగటు ప్రకారము లెక్కించిన మొత్తమును గాని, ఏది తక్కువైన దానిని, అభ్యంతరముతో చెల్లించుచున్నానని వ్రాసి కట్టినచో తగవు తీరువరకు సరఫరా నిలుపరాదు. "ముందు కట్టి రమ్ము" అన్న మాటకు చట్టమిచ్చిన సమాధాన మిది. ఏడు వేల రూపాయల బిల్లు వచ్చిన ముసలమ్మ తన సగటు మూడు వందలే కట్టి దీపము నిలుపుకొనవచ్చును. ఈ సంగతి ఆమెకు తెలియదు, మీరు చెప్పవలెను. అట్లే, బకాయి పడి రెండేండ్లు గడచి, ఆ నడుమ బిల్లులలో ఎడతెగక చూపబడని పాత సొమ్ము కొరకు సరఫరా నిలుపరాదు.

ఫిర్యాదు చేయు వరుస ఇది. మొదట 1912 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య అడిగి వ్రాసికొనుడు. సంఖ్య లేని ఫిర్యాదు చేయనట్లే. పని జరుగనిచో ప్రతి కంపెనీ యందును వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక యున్నది. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కాగితముపై తెలుగున సర్వీసు నంబరు, గత ఆరు నెలల బిల్లుల నకళ్లు, సంగతి నాలుగు వాక్యములలో వ్రాసి పంపిన చాలును. వేదిక తీర్పు నచ్చనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. నిరక్షరాస్యుల తరఫున ఆ నాలుగు వాక్యములు వ్రాసి పెట్టుట పంచాయతీ కార్యాలయమున వారమున కొక సాయంకాలము జరుగవచ్చును.

మీటరు ఇంకను చనిపోయిన తాతగారి పేరనే నడచుచున్న ఇండ్లు ప్రతి ఊరను ఉన్నవి. దీనివలన చిక్కులు పెక్కు. రేషన్ కార్డునకును సర్వీసు నంబరునకును పొత్తు కుదరక గృహజ్యోతి అందని కుటుంబములు 2024 లో మండల కార్యాలయముల చుట్టు తిరిగినవి. ఒక అంకె తప్పు పడినందుననే కొందరికి అట్లయినది. పేరు మార్పునకు ఇంటి హక్కును చూపు కాగితము కావలెను. ఇంటిపన్ను రసీదులు మీ కార్యాలయమునుండియే పోవలెను గనుక ఈ పనిలో మీ చేయి తప్పదు.

కొక్కెము తగిలించి కరెంటు తీసికొనువారిని దయతలచి చూచీచూడనట్లు పోవలదు. 135 వ సెక్షన్ క్రింద మూడేండ్ల వరకు ఖైదు పడవచ్చును. అంతకంటె ముందు ప్రాణము పోవచ్చును. కొత్త సర్వీసు కొరకు దరఖాస్తు పెట్టించుటయే ఉపకారము.

ధరలు నిర్ణయించుటకు ముందు మండలి బహిరంగ విచారణ జరుపును. కంపెనీల ప్రతిపాదనలు పత్రికలలో ప్రకటితమగును. అభ్యంతరములను ఎవరైనను పంపవచ్చును, విచారణలో తెలుగుననే మాటలాడవచ్చును. రైతు సంఘములవారు పోయి మాటలాడుచున్నారు. పంచాయతీలు పోవుట అరుదు. 100, 200 హద్దుల వద్ద నేను చూపిన గోడను గురించి మీ గ్రామపు బిల్లుల నకళ్లతో ఒక తీర్మానము చేసి పంపినచో మండలి దానిని వినక తప్పదు.

వీధి దీపముల మాట ఒక్కటి. పగలు వెలుగు దీపమునకును మీటరు తిరుగును, ఆ సొమ్ము పంచాయతీదే. మూడవ తీగ, వేరు స్విచ్చి ఉన్నవో లేవో చూచుకొనుడు.

మీలో కొందరు బిల్లులు వెంట తెచ్చినట్లు విన్నాను. వానిని ఈ బల్లపై నుంచుడు. రీడింగు తేదీలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చూతము.