విండోస్‌లో వచ్చే వైఫై లినక్స్‌లో ఎందుకు తెగుతుంది?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌ను మూలన పడేయడం ఎందుకని, విండోస్ పక్కనే ఉబుంటునో లినక్స్ మింట్‌నో రెండో సిస్టంగా పెట్టుకుంటున్నవాళ్లు చాలామంది. పాన్‌గల్ నుంచి వనపర్తికి చదువుకోవడానికి పోయే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లలకు ఇది పైసా ఖర్చు లేని దారి. అయితే పెట్టుకున్న కొద్ది రోజులకే తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: విండోస్‌లో వైఫై బాగానే ఉంది, లినక్స్‌లోకి వస్తే మాటిమాటికీ తెగిపోతోంది.

ఆ ఫిర్యాదులోనే సగం జవాబు ఉంది. అదే ల్యాప్‌టాప్, అదే రూటర్, అదే గది. ఒక సిస్టంలో నెట్ నిలకడగా వచ్చిందంటే వైఫై కార్డు చెడిపోలేదన్నమాట. ఒక్క సిస్టమే ఉన్నవాళ్లకు ఇలా పోల్చి చూసుకునే వీలుండదు. అందుకే లినక్స్‌ను తీసేయడానికి తొందరపడకుండా, ఒక సాయంత్రం రెండింటినీ ఒకేచోట కూర్చుని పరీక్షించడం మేలు.

ముందుగా తేల్చాల్సింది, తెగుతున్నది వైఫైనా, ఇంటికొచ్చే లైనా అన్నది. రోడ్డు పక్కన జేసీబీ తవ్విందంటే ఫైబరు తెగడం ఊళ్లలో మామూలే. టెర్మినల్ తెరిచి ‘ఐపీ రూట్’ అని కొడితే ‘డిఫాల్ట్ వయా’ పక్కన రూటర్ అడ్రసు కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1. ఆ అడ్రసుకు ‘పింగ్’ కొట్టి కాసేపు అలా వదిలేయాలి. రూటర్ నుంచి జవాబులు వరుసగా వస్తూ, బయటి నెట్‌లో ఉండే 8.8.8.8కు కొట్టినప్పుడు మాత్రం రాకపోతే ల్యాప్‌టాప్ జోలికి పోనక్కర్లేదు, ఫోన్ చేయాల్సింది నెట్ ఇచ్చినవాళ్లకు. అలాకాక రూటర్ జవాబులే ఆగిపోతున్నా, మూడు నాలుగు మిల్లీసెకన్లలో వచ్చేవి ఒక్కసారిగా వందలకు ఎగబాకుతున్నా, తప్పు ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ నడుమ ఉంది.

అక్కడ మొదట అనుమానించాల్సింది కరెంటు పొదుపును. బ్యాటరీ ఆదా కోసం ఉబుంటు వైఫై కార్డును మధ్యమధ్య కునుకు తీయనిస్తుంది. కొన్ని కార్డులు ఆ కునుకు నుంచి సరిగ్గా లేవవు. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, అందులో కాన్ఫ్.డి అనే ఫోల్డర్ ఉంటాయి. అక్కడి పవర్‌సేవ్ ఫైలులో ‘వైఫై.పవర్‌సేవ్’ ఎదురుగా 3 ఉంటే, దాన్ని 2 చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేయాలి. 3 అంటే పొదుపు ఉంది, 2 అంటే లేదు. ఒక్క అంకె మార్పు, అంతే. బ్యాటరీ కాస్త తొందరగా దిగవచ్చు, కానీ ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నెట్ పోవడం కన్నా అదే నయం.

రెండోది విండోస్ వైపు ఉంటుంది. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కినా, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సిస్టం పూర్తిగా ఆగదు. లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, నిద్రపోయినట్టు ఆగుతుంది. వైఫై కార్డు కూడా ఒక్కోసారి అదే స్థితిలో ఉండిపోతుంది. ఒక్క బోరు మీద ఇద్దరు రైతులకు వంతులున్నప్పుడు మొదటాయన స్టార్టరు డబ్బాకు తాళం వేసుకుని ఇంటికి పోతే రెండో ఆయన పరిస్థితి ఎలాగో, లినక్స్ పరిస్థితీ అలాగే. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేస్తే సరి. ముందుగా పరీక్షించాలంటే షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి రావాలి. అలా వచ్చినప్పుడు వైఫై నిలబడితే దొంగ దొరికినట్టే.

మూడో సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8723బీఈ అనే చిప్ ఉన్న కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో రూటర్ పక్కనే పెట్టినా సిగ్నల్ ఒక గీత దాటదు. కారణం విచిత్రమైనది. చిప్‌కు రెండు యాంటెన్నాల చోట్లు ఉంటే, ఫ్యాక్టరీలో వైరు ఒక్కదానికే తగిలించారు. దేనికి తగిలించారో చిప్‌లో తప్పుగా రాసి ఉండటంతో డ్రైవర్ ఖాళీ చోట వెతుకుతుంది. అమెరికాకు చెందిన లారీ ఫింగర్ 2016లో ఈ డ్రైవర్‌కు యాంటెన్నాను మనమే ఎంచుకునే సౌకర్యం చేర్చారు. ఏళ్ల తరబడి రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ డ్రైవర్లను చక్కదిద్దిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. ఈటీసీలోని మాడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే చిన్న ఫైలు చేసి, ‘ఆప్షన్స్’, తర్వాత డ్రైవర్ పేరు (ఆర్‌టీఎల్8723బీఈ), తర్వాత ‘ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్‌ఈఎల్ ఈక్వల్ టు 2’ అని రాయాలి. రీస్టార్ట్ చేశాక మార్పు లేకపోతే 2 తీసి 1 పెట్టాలి. అక్కడికక్కడే గీతలు నిండిపోయిన ల్యాప్‌టాప్‌లు ఎన్నో.

తమ ల్యాప్‌టాప్‌లో ఏ చిప్ ఉందో తెలియనివాళ్లు ‘ఎల్ఎస్‌పీసీఐ’ అని కొడితే నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో పేరు వస్తుంది.

అక్కడ బ్రాడ్‌కామ్ 43142 అని వచ్చి, వైఫై పేర్లే కనిపించకపోతే దానికి డ్రైవర్ విడిగా వేయాలి. వేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! ఈ చిక్కు విప్పేది జేబులోని ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్‌కు వెంటనే నెట్ అందుతుంది. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి డ్రైవర్ ఎంచుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర మీద ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని దాన్నే కొట్టాలి. ఆ తెరను చూసి కంగారుపడి దాటేస్తే డ్రైవర్ ఎక్కదు.

ఇంట్లో మిగతా వైఫైలు కనిపిస్తూ సొంత రూటర్ పేరే కనిపించకపోతే అది 12 లేదా 13వ చానల్‌లో ఉందేమో చూడాలి. మన దేశంలో అవి వాడవచ్చు గానీ, దేశం సెట్టింగు అమెరికా అని ఉన్న సిస్టం వాటిని పట్టించుకోదు. రూటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మారిస్తే చాలు. రాతి గోడల పాత ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండో గది దాటడం కష్టం, 2.4నే వాడుకోవాలి.

ఇన్ని చేసినా లొంగకపోతే యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు. పెట్టె మీద ‘లినక్స్ సపోర్ట్’ అన్న మాటను నమ్మి కొనకూడదు, లోపలి చిప్ పేరు అడగాలి. అథెరోస్ ఏఆర్9271 అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, తగిలించగానే పనిచేస్తుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుందని కొనేముందే గుర్తుంచుకోవాలి.